పెద్ద పార్కులో పదమూడో ఓటు

హాలియా

నలభై మూడేళ్లు వచ్చినా నేను సముద్రం చూడలేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, మా హాలియాలో చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నీళ్లకు మాకేం కొదవ లేదు. సాగర్ కాలువ వదిలారంటే ఎటు చూసినా నీళ్లే, వరి నాట్లే. కానీ మా కాలువ నీళ్లు బుద్ధిగా ఒక దిక్కుకే పోతాయి. వెనక్కి తిరిగొచ్చి మనిషి మీద పడడం వాటికి తెలియదు.

అందుకే పద్మ ఫోన్ చేసి, "పెద్ద పార్కుకు పోతున్నం మార్తా, మా బ్యాచ్‌ల ఒక సీటుంది, అక్కడ అలలొస్తయి, వస్తవా?" అన్నప్పుడు ఇంకో ముక్క అడగలేదు. పద్మా నేనూ ఇరవై ఏళ్ల కింద నల్లగొండలో అంగన్‌వాడీ ట్రైనింగులో పక్కపక్క మంచాలవాళ్లం. ఆమెది భువనగిరి దగ్గర నేతపని చేసే ఊరు. పెద్ద పార్కంటే పట్నం శివారులో ఉన్నది. దానికి అసలు పేరొకటుంది గానీ మా దిక్కు ఎవరూ ఆ పేరుతో పిలవరు, నేనూ పిలవను.

మా ఆయన మొహం చిట్లించాడు. "గా పైసలకు రెండు మూటల యూరియా వస్తది" అన్నాడు. "యూరియా మూట మీద కూసుంటే అలలు రావు" అన్నాను. ఆదివారం ప్రార్థనకు రాలేనని పాస్టరమ్మకు చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు, కడుపునొప్పి అని కబురు పెట్టాను. ప్రభువు క్షమించాలి, పాస్టరమ్మ ఇది చదివితే ఆమె కూడా క్షమించాలి.

నల్లగొండ

శనివారం పొద్దున బస్సెక్కాను. ఆడవాళ్లకిప్పుడు బస్సు ఉత్తదే కదా, కండక్టరు జీరో టికెట్ చింపి చేతిలో పెట్టాడు. పక్కన బత్తాయిల గంపతో ఒక పెద్దామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"అయ్యో, గాడికా! మా మనుమరాలు పోయొచ్చింది. రెండు సమోసాలు ఎనభై రూపాయలంట. నేను పొద్దంత అమ్మినా గన్ని మిగులుతయో లేదో" అంది. తర్వాత కాసేపు కిటికీలోంచి చూసి, "అయినా పో బిడ్డా. గా పిల్ల నీళ్లల్ల ఆడినప్పటి నుంచి నవ్వుతనే ఉన్నది" అని నా ఒళ్లో రెండు బత్తాయిలు పడేసింది. పైసలిస్తే తీసుకోలేదు. నల్లగొండ బస్టాండులో దిగి, గంప తలకెత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

అక్కడ ఒక చాయ్ తాగి భువనగిరి బస్సు పట్టుకున్నాను. మా కాలువ పచ్చదనం ఎక్కడో వెనకబడిపోయింది. ఇటు అన్నీ రాతి గుండ్లు. గుండు మీద గుండు, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు. ఈ రాళ్ల దేశంలో మనుషులు నీళ్ల ఆటల కోసం ఇంత పరితపిస్తారంటే నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

రంగుల ఇల్లు

పద్మ ఊరు చేరేసరికి మూడు దాటింది. వాళ్ల వాకిట్లో సత్తయ్య రంగు పని ముగిస్తున్నాడు. సత్తయ్య పద్మకు వరసకు చిన్నమామ, యాభై ఐదేళ్ల మనిషి, పార్కు బ్యాచ్‌కు పెద్ద. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాడు. నూలుకు అక్కడక్కడ రబ్బరు పట్టీలు బిగించి రంగులో ముంచుతాడు. పట్టీ ఉన్నచోట తెలుపు నిలుస్తుంది, లేనిచోట ఎరుపెక్కుతుంది. ఆ తెలుపూ ఎరుపే మగ్గం మీద పువ్వులై, ఏనుగులై కలుస్తాయట. ఒక్కో పోగూ ఎక్కడ ఎరుపెక్కాలో నేయకముందే ఆ మనిషికి తెలుసు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ముంచుతవా టీచరమ్మా?" అన్నాడు. ముంచాను. రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రబడ్డాయి.

"మా రంగు నెల దాక పోదు" అన్నాడు గర్వంగా. "చీరె చినిగినా రంగు పోదు."

పక్కన తడి నూలు పిండుతూ పద్మ అత్త లక్ష్మమ్మ కూర్చుంది. ఎడమ చేత్తోనే పిండుతోంది. రంగంటిన కుడి చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకుంది. పిండిన నూలు అందుకుని ఆరేస్తున్న పద్మ చేతులూ ఎర్రగానే ఉన్నాయి. గోడకు ఒక చెక్క చట్రం వేలాడుతోంది, అర్ధచంద్రాకారంలో మేకులు. దాన్ని ఆసు అంటారు. చీరె నేసే ముందు ఆ మేకుల చుట్టూ పోగును చేత్తో తిప్పుతూ పోయాలి. ఒక్క చీరెకే వేలసార్లు ఆ చెయ్యి అటూ ఇటూ పోవాలట. ఇప్పుడు ఆ పనికి మిషన్ వచ్చింది. లక్ష్మమ్మ భుజం అరిగిపోయాక వచ్చింది.

"దవాఖానకు పోలేదా అత్తమ్మా?" అన్నాను.

"పోయిన. భుజం పైకి లేపకు అన్నడు డాక్టరు. అది లేస్తే గద లేపుడు!" అని నవ్వింది.

పొద్దుగూకేసరికి బ్యాచ్ అంతా వాకిట్లో చేరింది. పన్నెండు మంది, అందరూ నేతవాళ్లే, లేదంటే నేత వదిలి పట్నం కొలువులకు పోయినవాళ్లు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, చింతకాయ తొక్కు. మా ఇళ్లలో పచ్చిపులుసులో బెల్లం వేస్తాం, వీళ్లు వెయ్యరు, నాలుక జివ్వుమంది. రెండో రొట్టె దగ్గర యుద్ధం మొదలైంది.

"మొదటేడు పోయినప్పటికి ఇప్పటికి టికెట్ మూడింతలైంది" అన్నాడు సత్తయ్య. "ఆటలేమో సగానికొచ్చినయి. ఎక్కడ చూసినా మరమ్మతుల ఉన్నదని బోర్డు."

రవి అందుకున్నాడు. భువనగిరిలో మందుల షాపులో చేస్తాడు, ముప్పై ఏళ్లుంటాయి, దేశంలోని పార్కుల పిచ్చోళ్లందరూ ఉన్న ఫోన్ గ్రూపులో మెంబరు. "బెంగుళూరాయన ఏం రాసిండో చూడుండ్రి. గుజరాత్‌ల గిట్లనే ఉన్నదంట. అంతటా గంతే. టికెట్ పెరుగుడు, ఆట తగ్గుడు."

"రోలర్ కోస్టర్ కిర్రుమంటాంది, నూనె కూడ పెడ్తలేరు" అని ఒకరు. "సమోసల ఆలుగడ్డ లేదు, గాలి ఉన్నది" అని ఇంకొకరు. అందరికంటే ఎక్కువ తిట్టింది లక్ష్మమ్మ. "అల! అల సంగతి చెప్పుండ్రి! మొదట గంటకోసారి వస్తుండె. మెడ దాక వస్తుండె. ఇప్పుడు రోజుకు రెండేసార్లు, అది గూడ బొడ్డు దాకనే. దొంగ నా కొడుకులు!"

ఇన్ని తిట్లు విన్నాక నాకు ఒకటే సందేహం. "మరి ఎందుకు పోతున్నరు?" అన్నాను.

పద్మ నా వైపు చూడకుండా రొట్టె తుంపింది.

"గదే లొల్లి" అన్నాడు సత్తయ్య. "వచ్చే ఏడు పోవాల్నా బంద్ చెయ్యాల్నా అని అడిగితె ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. నేను, రవి బంద్ అంటున్నం. పద్మ, లక్ష్మమ్మ వదినె పోదాం అంటున్నరు. అందుకే కొత్త మనిషిని తెమ్మన్నం. రేపు నువ్వు చూసి చెప్పు. నీదే పదమూడో ఓటు."

నాకు నషాళానికి ఎక్కింది. "ప్రేమతోని పిలిచినవనుకున్నా గదనే పద్మా! పంచాయితీకి పిలిచినవా?"

"రెండిటికీ" అంది పద్మ. పన్నెండు మందీ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మంట ఆరడానికి ఇంకో రొట్టె పట్టింది. పడుకునేముందు పద్మ మెల్లగా ఒక్క మాట చెప్పింది. బస్సు మాట్లాడుకుని అందరూ పోతేనే గిట్టుబాటవుతుంది, బ్యాచ్ ఆగిపోతే ఇంట్లో నుంచి లక్ష్మమ్మను ఒక్కదాన్ని తీసుకుపోయేవాళ్లు లేరు. "నువ్వేమన్న చెప్పుకో, నేనడగ. కానీ రేపు అలల దగ్గర అత్తమ్మను చూడు" అంది.

గేటు ముందు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు పార్కు గేటు ముందు దిగాం. బయటి తిండి లోపలికి పోనివ్వరు. అందుకని వీళ్ల ఆనవాయితీ ఏమిటంటే, తెచ్చుకున్న పులిహోరా సర్వపిండీ గేటు ముందే చెట్ల నీడలో, పొద్దున్నే, మధ్యాహ్నానిది కూడా కలిపి తినేయడం. పదమూడు మందిమి ఒంటెలు నీళ్లు తాగినట్టు తిన్నాం. లోపలికి పోతుంటే బ్యాగులు వెతికే అమ్మాయికి నా బత్తాయిలు దొరికాయి. పారేయమంది. పెద్దామె ఇచ్చినవి పారేస్తానా! అక్కడే నిలబడి ఒలిచి, సగం ఆ అమ్మాయి చేతిలోనే పెట్టాను. అటూ ఇటూ చూసి నోట్లో వేసుకుంది.

లోపలికి అడుగుపెట్టాను. ఎట్లా చెప్పాలి? మీరు పోకపోతే ఒక్కసారి కళ్లు మూసుకోండి. ఇనుప పట్టాలు ఆకాశంలో ముడి వేసుకుని ఉన్నాయి. వాటి మీద మనుషులతో నిండిన బండి తలకిందులుగా పోతోంది, ఎవరూ కింద పడడం లేదు. మూడంతస్తుల ఎత్తు నుంచి నీళ్లు ఎర్రటి గొట్టంలో సుడి తిరుగుతూ మనుషుల్ని కింద వదిలేస్తున్నాయి. "యేసయ్యా!" అన్నాను.

"గిదేం చూసినవ్, అప్పట్ల చూడాలె" అంది ఒక గొంతు.

పొద్దంతా ఇదే తంతు. నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు అప్పటి మాట ఎత్తేవారు. అప్పట్లో ఈ కప్ప నోట్లోంచి నీళ్లొచ్చేవట. అప్పట్లో ఇక్కడ ఏనుగు బొమ్మ ఉండేదట. రోలర్ కోస్టర్ ఎక్కాను. నిజమే, కిర్రుమంది. మొదటి గుట్ట ఎక్కేదాకా కిర్రు వినిపించింది. తర్వాత నా అరుపే నాకు వినిపించలేదు, ఇంక కిర్రు ఎక్కడ! దిగాక రవి భుజం పట్టుకుని నిలబడ్డాను. "ఎట్లుంది అక్కా? తగ్గిందా లేదా?" అని అడిగాడు. "నోర్ముయ్యిరా, జర ఊపిరి తీసుకోనియ్యి" అన్నాను.

అల

పన్నెండింటి అలకు పావుగంట ముందే కొలను దగ్గరికి పోయాం. నైలాను బట్టలు వేసుకుంటేనే దిగనిస్తారు, అవి కిరాయికి ఇస్తారు. చీరెలో తప్ప చూడని లక్ష్మమ్మ మోకాళ్ల దాకా నీలం ప్యాంటు, పొడుగు చేతుల అంగీ తొడుక్కుని వచ్చింది. నేను నవ్వాపుకోలేకపోయాను. "నవ్వు నవ్వు, నువ్వు అద్దంల చూసుకున్నవా?" అంది.

కొలను అంచున ఈల మెడలో వేసుకున్న గార్డు మమ్మల్ని ఆపాడు. నడివయసు మనిషి. సత్తయ్య చేతులు చూశాడు, లక్ష్మమ్మవి, పద్మవి, చివరికి నావి.

"ఏందన్నా ఇది? చర్మరోగమా?"

"రోగం కాదు, రంగు. మేం నేతోళ్లం."

"రంగైతే నీళ్లల్ల పోతది. దిగనియ్యం."

ఆ మాట సత్తయ్యకు ఎక్కడ తగిలిందో చూడాలి మీరు. ముఖం కూడా చేతుల రంగుకొచ్చింది. "మా రంగు పోదు! మా తాత కాలం నుంచి పోలే! బకెట్ తే, చూపిస్త!"

గార్డు బకెట్ తెచ్చాడు. సత్తయ్య రెండు చేతులూ అందులో ముంచి, గట్టిగా రుద్ది, ఎత్తాడు. బకెట్లో నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

సత్తయ్య ఆ నీళ్లలోకే చూస్తూ నిలబడ్డాడు. పోలీసుకు దొరికిన దొంగ కూడా అట్లా నిలబడడు. గార్డుకే జాలేసింది. "మాది పాలమూరు దిక్కు అన్నా, నాకు తెలుసు పని చేసేటోళ్ల చేతులెట్లుంటయో. గాడ సబ్బున్నది, రంగు దిగేదాక కడుక్కొని రాండ్రి" అన్నాడు.

నలుగురం నల్లా దగ్గర కూర్చుని రుద్దుతుంటే సైరన్ మోగింది. జనం కేకలేస్తూ పరుగెత్తారు. నేను తలెత్తి చూశాను. గోడ అవతల నుంచి నీళ్లు వీపు ఎత్తి లేచాయి. వందల తలకాయలు ఒక్కసారిగా పైకి లేచి కిందికి దిగాయి. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఇదా అల! సబ్బు చేతులతో అట్లాగే ఉండిపోయాను. పక్కన లక్ష్మమ్మ మాత్రం అటు చూడలేదు. వంగి, ఎడమ చేత్తో కుడి చేతిని రుద్దుతూనే ఉంది. మా చేతులు తెల్లబడేసరికి కొలను నీళ్లు చప్పబడ్డాయి.

నీడ కింద

సమోసాలు నిజంగానే రెండు ఎనభై. ఆలుగడ్డ ఉంది గానీ వెతుక్కోవాలి. సత్తయ్య తనది ముట్టుకోలేదు.

"రంగేసినంక నూలును సబ్బునీళ్లల్ల మరిగించాలె" అన్నాడు, నాకు చెబుతున్నట్టుగా. "నీళ్లు తేటగ వచ్చేదాక జాడియ్యాలె. కట్టెలు పిరమైనయి, రంగు పిరమైంది, నూలు పిరమైంది. ఈసారి చవక రంగు తెచ్చిన. జాడిచ్చుడు గూడ రెండు నీళ్లకే ఆపిన. పోదనుకున్న."

"ఎన్ని చీరెలకు?" అని పద్మ అడిగింది.

"నాలుగు. ఇంక మగ్గం ఎక్కలే. రేపు మల్ల మరిగిస్త." తల దించుకున్నాడు. "మొన్న ఒక షావుకారు అన్నడు నాతోని, రేటు పెంచినవ్, వెనుకటి నాణ్యం లేదు అని. వానితోని కొట్లాడొచ్చిన."

రవి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బెంగుళూరాయన ఏం రాశాడో ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే డ్యూటీ మారి ఆ పాలమూరు గార్డు అన్నం డబ్బాతో మా నీడకే వచ్చాడు. అల ఎందుకు తగ్గించారని నేనే నిలదీశాను. "అల వస్తున్నంత సేపు చుట్టూ మనుషులుండాలె అక్కా, ఎవరన్న మునిగితే లాగనీకె. మొదట్ల పదిమందిమి ఉంటిమి. ఇప్పుడు నలుగురం. గంటకోసారి వదిలితే మేం సస్తం" అన్నాడు. లక్ష్మమ్మ తన సమోసాల్లో ఒకటి అతని డబ్బా మూత మీద పెట్టింది. నిన్నటి నుంచి ఆమె తిట్టిన తిట్లలో అతని వాటా కూడా ఉందని గుర్తొచ్చిందేమో.

నాలుగు గంటలు

బస్సు డ్రైవరు నాలుగింటికే బయల్దేరాలన్నాడు. రెండో అల వచ్చేదీ నాలుగింటికే. ఫోన్లో బతిమాలితే అరగంట ఇచ్చాడు. సైరన్ మోగేసరికి పదమూడు మందిమీ నీళ్లలో ఉన్నాం.

అల దూరాన ఎంతో చిన్నగా కనిపించింది. దగ్గరికొచ్చేసరికి నా కాళ్ల కింద నేల తీసుకుపోయింది. మనిషి బరువంతా ఏమైందో తెలియలేదు. పైకి ఎత్తింది, వదిలింది, మళ్లీ ఎత్తింది. ఉప్పు లేదు, క్లోరిన్ వాసన ఉంది, బొడ్డు దాకనే వచ్చింది, అన్నీ నిజమే. నాకు ఏడుపొచ్చింది. నలభై మూడేళ్లు ఏం చేశానా అనిపించింది. కాలువ గట్టున పుట్టిన మనిషిని నీళ్లు ఎత్తుకోవడం ఇదే మొదటిసారి.

పద్మ మోచేత్తో పొడిచింది. చూశాను. లక్ష్మమ్మ రెండు చేతులూ పక్కలకు చాచి వెల్లకిలా తేలుతోంది. అల వచ్చి కుడి చేతిని మెల్లగా పైకి లేపింది. తల దాటించింది. ఆమె లేపలేదు, నీళ్లు లేపాయి. కళ్లు మూసుకుని ఉంది. ఆ ముఖం మీద నిన్నటి నుంచి నేను చూసిన గయ్యాళితనం ఒక్కటి లేదు. అల పోయింది, చెయ్యి దిగింది. ఇంకో అల వచ్చింది, చెయ్యి మళ్లీ పోయింది.

"ఏడాదికి ఒక్కసారి" అంది పద్మ నా చెవిలో. "ఈ పది నిమిషాలే నొయ్యదంట."

సత్తయ్య కూడా కాస్త అవతల నిలబడి అటే చూస్తున్నాడు. ఇన్నేళ్లూ అతను అలలొచ్చేటప్పుడు గొట్టాల ఆటల దగ్గర ఉండేవాడట, వదినె ఎట్లా తేలుతుందో ఎన్నడూ చూడలేదట.

భువనగిరి

పొద్దు వాలుతుండగా భువనగిరిలో చాయ్‌కి ఆగాం. ఊరి మీద ఆ గుండు, గుండు మీద ఖిల్లా. ఏకశిల అంటారు. దాన్ని కింద నుంచి చూస్తే పొద్దున చూసిన ఇనుప పట్టాలు పిల్లల బొమ్మల్లా అనిపించాయి. మిర్చీ బజ్జీలు పదిహేనుకు నాలుగు, వేడివేడివి. అందరూ తడి జుట్లతో బస్సు చుట్టూ నిలబడి తింటున్నారు.

"ఇగ తేలుద్దాం" అన్నాడు సత్తయ్య. గొంతులో నిన్నటి బిర్రు లేదు. "వచ్చే ఏడు పోవాలన్నోళ్లు చెయ్యెత్తుండ్రి. టీచరమ్మా, నువ్వు గూడ."

నేను చాయ్ గ్లాసు దించుకునేలోపే లక్ష్మమ్మ ఎత్తడం మొదలుపెట్టింది. కుడి చెయ్యి. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పెదవి బిగబట్టింది. ఎడమ చెయ్యి మోచేతి కింద పెట్టి, బియ్యం బస్తా ఎత్తినట్టు, నెమ్మదిగా పైకి నెట్టింది.

"పెద్దమ్మా, ఎడమదెత్తు" అన్నాడు రవి.

"ఓటు ఎడమ చేత్తోని ఏస్తరారా?" అంది లక్ష్మమ్మ.

పద్మ చెయ్యి లేచింది, నాది లేచింది. రవి బజ్జీ కాగితం కింద పడేసి చెయ్యెత్తాడు. బంద్ అన్న ఆరుగురిలో ఎవరు ముందు ఎత్తారో, ఎవరు తర్వాతో నేను చూడలేదు. నేను చూస్తున్నది ఆ ఒక్క చెయ్యినే.

"జల్ది లెక్కపెట్టు సత్తయ్యా, చెయ్యి గుంజుతాంది."

సత్తయ్య లెక్కపెట్టలేదు. ఇంకా గోళ్ల సందుల్లో ఎరుపు మిగిలిన తన చెయ్యి తనూ ఎత్తాడు.

"దించు వదినె" అన్నాడు. "లెక్కయింది."